మీ పిల్లల ఒంట్లో రక్తం పెరగకుండా ఏడు చిట్కాలు

(వర్ని నుంచి బోధన్, నిజామాబాద్ బడులకు పిల్లల్ని బస్సెక్కించే తల్లిదండ్రులకు)

1. రక్తహీనత లేనోళ్ల జబ్బని గట్టిగా నమ్మండి. నిజాంసాగర్ కాలువ కింద రెండు పంటలు తీసే ఇంటికి అదెందుకొస్తుంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తం తక్కువని తేలింది. ఆ పిల్లలే ఇప్పుడు బడికొస్తున్నారు. అయినా మనవాడు మిగతా 30 మందిలోనే ఉంటాడు. 2016-18లో దేశమంతటా చేసిన పోషకాహార సర్వేలో ఇనుము లోపం పల్లె పిల్లల్లో కన్నా పట్నం పిల్లల్లోనే ఎక్కువ కనిపించింది. కాబట్టి వర్నిలో ఉంటే ఆ లోపం తక్కువవుతుందేమోనని పట్నానికి మారిపోండి.

2. బస్సు హారన్ వినబడగానే చాయ్, బిస్కెట్లతో సరిపెట్టండి. టిఫిన్ తిన్నా వెంటనే చాయ్ తాగించండి. తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనీయకుండా చాయ్ చూసుకుంటుంది.

3. తోటకూర పప్పు మీద నిమ్మకాయ పిండకండి. పులుపు తగిలితే ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. మేకకార్జం వాసనంటూ ముక్కు మూసుకోండి. డబ్బాలో నూడుల్స్ పెట్టండి.

4. చెరకు సీమ వాళ్లం, బెల్లం మీద భారం వేయండి. 1937లో మొదలైన శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డా బెల్లం మీద మన నమ్మకం మూతపడలేదు. రోజుకో ముక్క చేతిలో పెట్టి, రక్తం పట్టేసిందనుకోండి.

5. పిల్ల బియ్యం డబ్బా మూత చప్పుడు కాకుండా తీసి, పిడికెడు పచ్చి బియ్యం బుగ్గన పెట్టుకుని, మీరు రాగానే నమలడం ఆపేస్తుందా? బలపాలు కొరుకుతుందా? వీపు మీద రెండు వేయండి. ఇనుము తక్కువైన పిల్లలు అలా తింటారని డాక్టరు అంటే, ‘అది దాని పాడలవాటు సార్’ అనండి. కింది కనురెప్ప లాగి ఎర్రగా ఉందో పాలిపోయిందో మాత్రం చూడకండి.

6. సర్కారు బడిలో వారానికోసారి చిన్న పిల్లలకు గులాబీ, పదేళ్లు దాటినవాళ్లకు నీలం ఐరన్ మాత్రలిస్తారు. వేలకు వేలు ఫీజు కట్టేవాళ్లకు ఉచిత మాత్ర నామోషీ. ఎవరైనా మింగించినా, మర్నాడు దొడ్డికి నల్లగా రాగానే బెదిరిపోయి ఆపేయించండి. ఐరన్ వేసుకుంటే అలాగే వస్తుందని ఎవరినీ అడగకండి. నులిపురుగుల మాత్ర వేసే ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో ఎలాగోలా పెళ్లి పిలుపు చూసుకోండి.

7. మెట్లెక్కితే ఆయాసం, లెక్కల పీరియడులో కునుకు, మార్కుల్లో తగ్గుదల: బద్ధకమని తేల్చేయండి. హిమోగ్లోబిన్ అయిదు నుంచి పదకొండేళ్ల దాకా 11.5, పన్నెండు నుంచి పద్నాలుగేళ్లలో 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. అది తెలియాలంటే వేలి చివర ఒక్క చుక్క చాలు. అంత చిన్న సూదికి పిల్లాడు ఏడుస్తాడు పాపం. సాయంత్రం ఇంకో రెండు గంటలు ట్యూషన్ పెట్టించండి.