తెప్పరేడు పద్యం: టీకా తాత్పర్య విశేషాలతో

ఆ.వె.
కొన్న నేల మీద కొలువుండు వారంటి
కడలి దాట రాదు కార్డు తోడ
బిల్లు చూపినంత బిగిసిన యింజను
తిరుగ బోవదయ్య తెప్పరేడ!

అవతారిక: బావమరిది మాట మీద దుబాయిలో అవుట్‌బోర్డు మోటారు కొని, ఓడ మీద రప్పించి, సుంకం కట్టి, ఉప్పాడలో తన ఫైబర్ తెప్పకు బిగించుకున్నాడు ఒక ఆసామి. నడిసముద్రంలో అది పట్టేసింది. ఇంకో తెప్పకు తాడేసి ఒడ్డుకు లాక్కొచ్చి, కాకినాడలో అదే కంపెనీ బోర్డున్న కొట్టుకు వెళితే, కౌంటరు వెనక కుర్రాడు బిల్లు చేత్తో ముట్టుకోకుండానే “ఇది మన దగ్గర కొన్నది కాదు కదండీ” అన్నాడు. ఆ మాటకు పద్యరూపమిది. కర్త పేరు తెలియరాలేదు. మీసాలు ఇంకా సరిగా రాలేదని మాత్రం ఆసామి చెబుతున్నాడు.

ప్రతిపదార్థం: తెప్పరేడ = తెప్పకు రాజువైనవాడా (ఎత్తిపొడుపు); కొన్న నేల మీద = డబ్బు ఎక్కడ లెక్కపెట్టి ఇచ్చావో ఆ దేశంలోనే; కొలువుండు = దర్బారు తీరి కూర్చునే; వారంటి = వారంటీ; కార్డు తోడ = నాలుగు భాషల్లో అచ్చేసిన అట్ట నీ చేతిలో ఉన్నా సరే; కడలి దాట రాదు = సముద్రం దాటి నీ వెంట రాదు; బిల్లు చూపినంత = బిల్లు, బిల్లుకు జిరాక్సు, జిరాక్సుకు జిరాక్సు చూపినంత మాత్రాన; బిగిసిన యింజను = పిస్టను పట్టేసిన మోటారు; తిరుగ బోవదు = తిరగదు; అయ్య = మర్యాదకూ, గణం సరిపోవడానికీ.

టీక: కొన్న నేల మీద. మూలంలో లేనిది రాయనని మెతుకుసీమ వాడైన వ్యాఖ్యాత కొలిచెలమ మల్లినాథ సూరి నియమం పెట్టుకున్నాడు. మనమూ కార్డు దాటి పోవద్దు. అధీకృత డీలరు దగ్గరే కొనాలి, చేతికిచ్చే ముందు అతను పరీక్ష చెయ్యాలి, సీరియల్ నంబరును కొన్నవాడి పేరున నమోదు చెయ్యాలి అని ఇలాంటి కార్డులు అంటాయి. ఇంజను పుట్టే ఫ్యాక్టరీ ఒకటే కావచ్చు గాని దేశానికో పంపిణీదారు. ఒకరింట్లో తిన్నవాడి విస్తరి ఇంకొకరు ఎత్తరు. దుబాయి వాడికి లాభం మిగిల్చిన మోటారుకు కాకినాడ వాడు తన అరలోంచి పిస్టను తీసి ఇమ్మంటే ఇవ్వడు. కుర్రాడి తప్పేమీ లేదని టీకాకారుడి అభిప్రాయం. బిల్లు అందుకుని చూసి ఉంటే బాగుండేది.

పూర్వపక్షం: ఇంజను పుట్టిందే సముద్రం మీద తిరగడానికి గదా, దాని వారంటీకి సముద్రయాన నిషేధం ఏమిటి? సిద్ధాంతం: ఆ పాత ఆచారాన్ని మనుషులు వదిలేశారు, వారంటీలు పట్టుకున్నాయి. దృష్టాంతం: ఓలే ఎవిన్‌రూడ్ 1909లో మిల్వాకీలో అమ్మకం మొదలుపెట్టిన మోటార్ల పేరు మీద తయారీ 2020లో ఆగిపోయింది. కట్టేసిన కంపెనీ కూడా ఇచ్చిన వారంటీలు మాత్రం నిలబెడతామంది. కనుక వారంటీ చావును దాటగలదు, కడలినే దాటలేదు.

కడలి దాట రాదు. అది రాకపోతే ఇంజనునే దాని దగ్గరికి పంపితే? పంపవచ్చు. కస్టమ్స్ వారి 45/2017 నోటిఫికేషన్ ఉంది. మరమ్మతుకు విదేశం పంపి మూడేళ్ళలోగా తిరిగి తెచ్చుకున్న సరుకుకు మొత్తం ధర మీద కాక, మరమ్మతు ఖర్చు, వాడిన సామాను, రానూపోనూ కిరాయి, బీమా, వీటి మీదే సుంకమన్నారు. ఇక్కడికి దయాగుణమే. కాని ఆ వాక్యం నడుమ కుండలీకరణాల్లో ఒక ముక్క ఉంది: ఆ ఖర్చు నిజంగా అయినా, కాకపోయినా. ఈ ముక్క రాసినవాడు మహాకవి. దుబాయి వాడు దయదలిచి పైసా పుచ్చుకోకుండా బాగుచేసినా, ఆ దయకు వెలకట్టి, ఆ వెల మీద సుంకం తీసుకుంటారు. ఉచితానికి పన్ను వేయవచ్చునన్న ఊహ అలంకార శాస్త్రంలో ఏ పేరు కిందికి వస్తుందో పండితులు తేల్చాలి.

ఇదే తీరాన మోటుపల్లిలో 1244లో కాకతి గణపతిదేవుడు అభయశాసనం వేయించాడు. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు లాక్కోబోమనీ, ముప్ఫయ్యింట ఒక వంతు సుంకం చాలుననీ పరదేశి వర్తకులకు పూచీ. అది రాతి మీద ఉంది. కార్డు అట్ట మీద ఉంది.

కొలువుండు. ఎంతకాలం? సరదాకు షికారు తిప్పేవాడికి ఎక్కువ కాలం, వేటకు పోయి పొట్టపోసుకునేవాడికి తక్కువ కాలం. చాలా కార్డుల్లో పద్ధతి ఇదే. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, 61 రోజులు. ఆ రోజుల్లో ఇంజను గోనెపట్టా కింద పడుకుంటుంది. వారంటీ గడియారం పడుకోదు.

బిల్లు చూపినంత. బిల్లుతో పాటు సర్వీసు పుస్తకం కూడా అడుగుతారు: మొదట ఇరవై గంటలకో అటూఇటుగానో, ఆపైన వంద గంటలకు లేదా ఏడాదికి ఒకసారి ముద్రలు. ఇక అసలు గుట్టు. నడిచే ఇంజను పక్క నుంచి సన్నగా నీటి ధార కారుతుంది. లోపల ఇంపెల్లరని అరచేతిలో పట్టే రబ్బరు చక్రం సముద్రపు నీరు తోడి ఇంజను చల్లబరుస్తున్నదనడానికి అది గుర్తు. ఇసుక నీళ్ళలో ఆ రబ్బరు రెక్కలు అరుగుతాయి, ధార సన్నబడుతుంది, ఆగుతుంది. అప్పుడే ఇంజను కట్టెయ్యాలి. మన ఆసామి తెప్ప మీద ఆ వేళ అందరి చూపూ వల మీదే ఉంది. ఇంపెల్లరు అరిగే వస్తువు, వారంటీలోకి రాదు. అది అరిగితే వేడెక్కి పట్టేసిన పిస్టను అజాగ్రత్త ఖాతాలోకి పోతుంది. అంటే దుబాయిలో అడిగినా దక్కేది ఇదే పద్యం, అరబ్బీలో.

తాత్పర్యం: ఓ తెప్పరేడా, బిల్లు లోపల పెట్టు, ధార చూసుకో.

పాఠాంతరం: ఉప్పాడ ప్రతిలో నాలుగో పాదం “తిరిగె మొన్న మళ్ళి తెప్పరేడ” అని ఉంది. కాకినాడ జగన్నాథపురం మెకానిక్కు మూత విప్పి, సిలిండరు లేతు మీద బోరు కొట్టించి, వేరే కంపెనీ పిస్టను దించాడని అక్కడి వారి వ్యాఖ్య. అధీకృతుడు కానివాడు మూత విప్పినందున ఈ పాఠం చెల్లదని కుర్రాడి ప్రతి.