ఓటీపీ చెప్తే రోగం కుదిరినట్టే

ఛత్తీస్‌గఢ్‌లోని తిల్దా బియ్యం మిల్లుల ఊరు. మిల్లులో సార్టెక్స్ మిషను దగ్గర నిలబడి చూడండి. ధారగా జారే బియ్యంలో ఒక్క నల్లగింజ కనబడితే చాలు, గాలి ఊది దాన్ని అవతలికి తోసేస్తుంది. గింజకీ గింజకీ తేడా పట్టే ఈ ఊళ్ళో, ఇంటి వైఫై మాటిమాటికీ ఎందుకు తెగిపోతోందో, తప్పు వీధి తీగలో ఉందో ఇంటి గాలిలో ఉందో విడదీసి చెప్పే నాథుడు మాత్రం లేడు. చేతకాక కాదు. విడదీస్తే ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది కదా, అందుకని.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయండి. పాట అయ్యాక ఒక తియ్యటి గొంతు, "సర్, రౌటర్ ఏక్ బార్ బంద్ కర్‌కే చాలూ కీజియే" అంటుంది. చేశానమ్మా అంటే, "ఫిర్ సే కీజియే, సర్." ఈ ఆర్పి వెలిగించే వైద్యం పూర్తిగా బూటకం అంటే అన్యాయం. చాలా రౌటర్లు మళ్ళీ వెలిగినప్పుడు కాస్త ఖాళీగా ఉన్న ఛానల్ వెతుక్కుంటాయి, చిక్కుబడ్డ సాఫ్ట్‌వేర్ కూడా కుదుటపడుతుంది. అదే వచ్చిన చిక్కు. ఒక గంట బాగా నడుస్తుంది. కంప్లయింట్ మూసెయ్యడానికి కంపెనీకి ఆ గంట చాలు.

ఆ గొంతు అడగవలసిన మాట ఒకటుంది. పెట్టె మీద ఎల్ఓఎస్ అని రాసిన దీపం ఎర్రగా వెలుగుతోందా? వెలిగితే ఫైబర్‌లో వెలుగు రావడం లేదన్నమాట. తీగ ఎక్కడో తెగింది, లేదా గుమ్మం మూలలో మేకు కొట్టి మరీ మడిచేసిన చోట చచ్చింది. అలాంటప్పుడు మీరు రౌటర్‌ని పొద్దస్తమానం ఆర్పి వెలిగించినా లాభం కరెంటు బిల్లువాడికే. కానీ నాతో మాట్లాడిన గొంతు దీపం సంగతి ఎత్తలేదు. "సర్, పెద్ద ప్లాన్‌కి మారతారా?" అని మాత్రం అడిగింది. కాలువలో నీళ్ళు రావట్లేదు మొర్రో అంటే శిస్తు పెంచుకోమన్నట్టు.

ఆ ఎర్రదీపం వెలగకపోయినా నెట్ తెగుతోందంటే పరీక్ష ఇంకా తేలిక. లాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తో రౌటర్‌కి తగిలించి, అందులో వైఫై ఆపేసి, కాసేపు పని చేసుకోవాలి. తీగ మీద కూడా తెగితే జబ్బు లైన్‌లోనో పెట్టెలోనో ఉంది, కంపెనీవాడు రావాలి. తీగ మీద నిక్షేపంగా నడిచి ఫోన్‌లో మాత్రమే తెగితే జబ్బు మన ఇంట్లోని గాలిది. ఇంతే. ఇది జరిగితే వాదన ముగుస్తుంది. వాదన ముగిస్తే సాకు పోతుంది. అందుకే లైన్‌మన్ సంచిలో కటింగ్ ప్లేరు, టేపు, కొత్త అడాప్టరు అన్నీ ఉంటాయి, మూరెడు లాన్ కేబుల్ ఉండదు.

మనమేం తక్కువ తిన్నామా? వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు మన దేశంలో 2005లో లైసెన్సు తీసేశారు. అంతా కలిపి 83.5 మెగాహెర్ట్జ్ జాగా. ఒక్కో రౌటర్ ఇరవై ఆక్రమిస్తుంది కాబట్టి ఒకదాన్నొకటి రాసుకోకుండా పట్టే ఛానళ్ళు మూడే: 1, 6, 11. అందులోనే బ్లూటూత్, అందులోనే వంటింటి మైక్రోవేవ్ రొద. ఇంత ఇరుకులో మా వీధి రౌటర్లలో సగం, ఎవరు చెప్పారో గాని, వెడల్పు నలభైకి పెట్టుకుని కూర్చున్నాయి. జాగాలో సగం ఒక్కరికే. ఇరవైకి తగ్గించండి బాబూ అంటే, "తగ్గిస్తే స్పీడ్ తగ్గదూ!" అంటారు పక్కింటి మావయ్యగారు, గుండ్రంగా తిరుగుతున్న సీరియల్ ముందు కూర్చుని.

5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువ, 2018లో అక్కడ కూడా గేట్లు బార్లా తెరిచారు. కాకపోతే దానికి గోడలంటే గిట్టదు. పక్కనే బైకుంఠ్ సిమెంటు ఫ్యాక్టరీ పెట్టుకున్న ఊళ్ళో గోడలకి కొదవా? పైగా మావాళ్ళు రౌటర్‌ని పెట్టే చోటు చూడాలి. హాల్లో అందరికీ కనబడితే అందం చెడుతుందని టీవీ వెనక దూరుస్తారు. లేదంటే షోకేస్‌లో తిరుపతి వెంకన్న ఇత్తడి విగ్రహానికీ స్టీలు గ్లాసుల సెట్టుకీ మధ్య, అద్దం తలుపు మూసి మరీ. ఆ అవతలి గదిలో ఇనుప బీరువా. దాని వెనక మంచం. మంచం మీద పడుకుని శ్రీకాకుళంలో ఉన్న అమ్మకి వీడియో కాల్. "ఒరే, నీ మొహం ఆగిపోయిందిరా" అని ఆవిడ కంగారు.

సర్కారు వారి పద్దు ఇంకా రంజుగా ఉంటుంది. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి ఉండవలసిన కనీస వేగం 2004లో 256 కేబీపీఎస్, 2013లో 512, 2023లో 2 ఎంబీపీఎస్. అంటే ‘అప్ టు వంద’ అని రంగుల బోర్డు కట్టినవాడు రెండు ఇచ్చినా అది చట్టప్రకారం బ్రాడ్‌బ్యాండే. ఆ ‘అప్ టు’ అన్న రెండు ముక్కల్లో ఎంత వేదాంతం ఉందో బిల్లు కట్టే రోజు గాని బోధపడదు. బిల్లు మీద మాత్రం ‘అప్ టు’ ఉండదు, పైసలతో సహా ఖరారు.

చివరికి లైన్‌మన్ వస్తాడు. పెట్టె పక్కనే నిలబడి, తన ఫోన్‌లో, తన కంపెనీ యాప్‌లో స్పీడ్ చూపిస్తాడు. ముల్లు తొంభై మీద నాట్యం చేస్తుంది. "దేఖియే భైయా, ఏక్‌దమ్ ఫస్ట్ క్లాస్. ఓటీపీ బతాయియే." మన ఫోన్‌కి వచ్చిన అంకెలు చెబితే కంప్లయింట్ మూతపడుతుంది. రోగం ఉందా లేదా అన్నది రోగి చెప్పడు, నాడి చెప్పడు, ఓటీపీ చెబుతుంది. ఈమధ్య నేనూ మొండికెత్తాను. కేబుల్ తగిలించి చూపిస్తేనే అంకెలు చెబుతానన్నాను. ఆ అబ్బాయి నొచ్చుకోలేదు పాపం, "కేబుల్ పట్టుకుని రేపొస్తా భైయా" అని నవ్వుతూ వెళ్ళాడు. అతని బండి సందు మలుపు తిరిగిందో లేదో ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: కస్టమర్ ఇంట్లో లేరు, ఫిర్యాదు ముగించడమైనది.