అన్నదాత సారు

రామన్నపేటలో ఎవసం పేరెత్తితే మొఖం గంటు పెట్టుకునేటోళ్లకు కొదువ లేదు. వాళ్లల్ల పెన్షన్ తీసుకునే సార్లది ప్రత్యేక జాతి. మా సారు తండ్రిచ్చిన చెల్కను కౌలుకిచ్చి, గట్టు తొక్కుడే మానేసిండు. "ఎవసమా? అది మా నాయినతోనే పాయె" అంటడు. కోపానికి కారణం లేకపోలేదు. రాత్రి కరెంటు కాలంలో టార్చిలైటు పట్టుకొని బాయికాడికి పోవుడు, మోటరు కాలితే చీకట్ల తిట్టుకుంట నిలబడుడు, ఇదే ఆయన యవ్వనం. ఎవసానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1న వచ్చింది. అప్పటికే సారు ఫ్యూజు ఎగిరిపోయింది.

అసొంటి మనిషి పొద్దుగాల లేచి టీవీల 'అన్నదాత' పెట్టుకొని కూసుంటడు. రామోజీరావు 1969లో ఆ పేరుతో పత్రిక పెట్టి, 1995లో ఈటీవీ వచ్చినంక దాన్నే తెరమీదికి తెచ్చిన్రు. పత్రికను సారు కన్నెత్తి చూడలే. బొమ్మ కదిలేసరికి పడిపోయిండు. అటెన్క ఇంట్ల చాయి అడిగే దిక్కు లేదు. "ఆగు, గులాబీ పురుగును చూపిస్తున్నరు!" పత్తికాయ చీల్చి పురుగును తెర నిండ చూపిస్తే ఆయన కండ్లు మెరుస్తయి. అదే పురుగు పట్టిన కాయను కౌలు రైతు చేతుల పట్టుకొస్తే మాత్రం గడప దాటనియ్యడు. "బయట పెట్టు, బయట పెట్టు!"

జీవామృతం లెక్క ఆయనకు నోటికొచ్చు. ఆవు పెండ 10 కిలోలు, ఆవు మూత్రం 10 లీటర్లు, బెల్లం 2 కిలోలు, పప్పు పిండి 2 కిలోలు, గుప్పెడు మన్ను, 200 లీటర్ల నీళ్లు. హోటల్ కాడ ఎవరు దొరికినా అప్పజెప్తడు. ఇంటెనక బర్రె పెండ వాసనొస్తే కిటికీ మూసేది కూడా ఆయనే.

"సారూ, ఈయేడు పత్తి పెడదామా, కంది పెడదామా?" అని కౌలు రైతు అడిగిండు.

"డ్రాగన్ పండు పెట్టు. స్తంభాలు నాటి, డ్రిప్పు ఏసుకుంటే చాలు."

"మరి పైసలు?"

"అది రేపటి భాగంల చెప్తరు."

టీవీ ఎవసంల బురద కాలికంటదు, మిత్తి పెరగదు, కాంట కాడ తరుగు తీయరు. కార్యక్రమాన్ని తప్పుపట్టుడు కాదు, పనికొచ్చే ముచ్చట్లు బాగనే చెప్తరు. కాకపోతే అవి ఎవరికి పనికొస్తయో ఆ కౌలు రైతు ఆ యాల్లకు చేన్ల ఉంటడు.

సారు కూడ ఎవసంల ఒక పని సొంతంగ చేసిండు. 2018 మే నెలల రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి 4,000 చొప్పున చెక్కు తెచ్చుకున్నడు. కౌలు రైతుకు ఆ పథకం వర్తించలే. పాసుబుక్కుల రైతు అంటే సారే.