అనంతగిరి ఘాట్‌లో అంత తొందరెందుకు?

విశాఖ నుంచి అరకుకి కుర్రాళ్లు సైకిళ్ల మీద వెళ్తున్నారని విన్నప్పుడు ప్రాణం లేచొచ్చింది. వాళ్లను పలకరించాక ఆ సంతోషం నిలవలేదు. "తైడా దగ్గర ఏం చూశావు నాయనా?" అని అడిగితే ఫోను తీసి ఒక గీత చూపిస్తాడు. ఎంత ఎత్తు ఎక్కాడు, గుండె ఎంత వేగంగా కొట్టుకుంది, సగటున గంటకెన్ని కిలోమీటర్లు తొక్కాడు, అన్నీ అందులో ఉన్నాయి. కొండ సంగతే లేదు.

మా రోజుల్లో అట్లాసో, హెర్క్యులిసో, ఇరవై కిలోల ఇనుము. గేర్లు లేవు. కోడికూతతో బయల్దేరి పెందుర్తి, కొత్తవలస దాటి ఎస్.కోటలో టిఫిను తినేవాళ్లం. అంతవరకూ దాదాపు చదునే. బొడ్డవర దాటాక అసలు పని మొదలయ్యేది. ఎక్కుడు మరీ నిటారుగా ఉన్నచోట దిగి సైకిలు నెట్టుకుంటూ నడిచేవాళ్లం. అలా నడిచాం కాబట్టే ఏ మలుపులో ఊటనీళ్లు కారతాయో, సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగ ఎక్కడ దట్టంగా అల్లుకుందో, కాఫీ తోటల నీడ ఎక్కడ మొదలవుతుందో మాకు తెలిసింది. బైలదిల్లా ఇనుప ఖనిజం మోసుకుంటూ విశాఖ రేవుకు దిగే గూడ్సు చప్పుడు వినిపించేది. బండి సొరంగంలో దూరగానే ఆ చప్పుడు తెగిపోయేది. ఎటునుంచి తేలుతుందా అని ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం. శిమిలిగూడ స్టేషను దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తుకు బ్రాడ్‌గేజీ పట్టాలు ఎలా పరిచారో ఆ దారిలో ఆగి చూసినవాడికే అర్థమవుతుంది.

గేర్లను నేను తప్పుపట్టను. డిస్క్ బ్రేకులైతే దేవుడిచ్చిన వరం. వానలో మా రాడ్ బ్రేకుల రబ్బర్లు తడిసిన రిమ్ముని పట్టేవి కావు. లోయ పక్క మలుపు తిరుగుతుంటే కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుండేది. ఇవాళ ఆడపిల్లలు ధైర్యంగా ఈ ఘాట్ ఎక్కుతున్నారంటే అంతకన్నా కావలసిందేముంది?

నా బాధ గడియారంతో. ఫ్రాన్సు నుంచి వచ్చిన బ్రెవే పద్ధతి ఒకటుంది. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 600 అయితే 40 గంటల్లో ముగించాలి. ఆ పట్టుదలకు దణ్ణం పెడతాను. కానీ ఆ గడియారాన్నే అరకు దారికీ కట్టుకొస్తే ఎలా? 1923లో బొంబాయి నుంచి బయల్దేరిన ఆది హకీం, జల్ బాపాసోలా, రుస్తుం భుంగరా ప్రపంచం చుట్టి ఇంటికి చేరేసరికి 1928 వచ్చింది. వాళ్లనెవరైనా ఆలస్యమైందని అన్నారా?

ఘాట్‌లో పాకల ముందు ఆగితే, "ఏటి బాబూ, ఎండనపడి ఎక్కడికెల్తన్నారు, కూకోండి" అని చోడి అంబలి పోసేవారు. పంక్చరైతే ఇంట్లోంచి నీళ్ల బేసిను తెచ్చి, ట్యూబులో బుడగలెక్కడ వస్తున్నాయో పిల్లలే వేలు పెట్టి చూపించేవారు. ఇప్పుడు వెనకాలే కారొస్తుంది. నీళ్లూ అరటిపళ్లూ కొత్త ట్యూబులూ అందులోనే ఉంటాయి. ఎవరింటి ముందూ ఆగే అవసరం లేదు, ఎవరూ మాట్లాడరు. పాత ట్యూబుని లోయలోకి విసిరేసినవాణ్ణి కళ్లారా చూశాను. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు.

వలిసె పూల కాలంలో మరీ ఘోరం. పచ్చగా విరగబూసిన చేలో సైకిలు దించి, మొక్కలు తొక్కి ఫోటోలు దిగుతారు. అది నూనెగింజల పంట బాబూ, ఒకరి ఏడాది కష్టం! ఫోటోకి రైతు పదో ఇరవయ్యో అడిగితే గొణుగుతారు. తొక్కిన చేనుకి లెక్క కడితే ఆ డబ్బు ఏ మూలకి?

ఇంతా చేసి, మధ్యాహ్నానికి అరకు చేరి, భోంచేసి, సైకిళ్లు కారు నెత్తిన కట్టుకుని దిగిపోతున్నారు. ఆ రాత్రి అక్కడ పడుకుని, పొద్దున్నే గాలికొండ మీద మంచు విడిపోయేదాకా ఆగి, అనంతగిరి నుంచి కిందిదాకా తొక్కకుండా జారుకుంటూ రావడానికే మేము అంత కష్టం పడేవాళ్లం. చలిగాలికి కళ్లలో నీళ్లు తిరిగేవి, ఒక్కో మలుపు దిగేకొద్దీ ఒంటికి వెచ్చదనం తెలిసేది. ఆ దిగుడుని అద్దాలు బిగించిన కారులో నిద్రపోతూ పోగొట్టుకోవడానికా నాయనా, పొద్దుటినుంచీ అంత చెమటోడ్చి ఎక్కింది?