కళాయి ఉన్నంతవరకే

పులుపంటే నాకు హడల్. ఇత్తడి పుట్టుక పుట్టినదాన్ని మరి. చింతపులుసో, మజ్జిగో, నిమ్మరసమో పోశారంటే నాలో ఉన్న రాగి మేలుకుని పచ్చగా చిలుము కక్కుతుంది. ఆ కూడు తిన్నవాళ్ళకు కడుపులో తిప్పుతుంది. అందుకే నా లోపల తగరం పూత పూస్తారు. కళాయి ఉంటే వంటగిన్నెను. లేకపోతే వడ్లు పోసుకునే డబ్బాను.

నేను గుండిగను. తర్లుపాడు పక్కన ఒక పల్లెలో, పలకరాళ్ళ ప్రహరీ ఉన్న ఇంట్లో అటక మీద ఉంటాను. అవ్వ కాపురానికొచ్చిన నాడు సారె బండిలో నాతోపాటు రెండు బిందెలూ ఒక గంగాళమూ దిగాయి. అప్పటికి మార్కాపురం, కంభం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనే ఉన్నాయి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పేరొచ్చింది. ఈలోపే స్టీలు, సిల్వరు సామాను ఇంట్లోకి నడిచొచ్చాయి. బిందెలు, గంగాళం పాతసామాన్ల వాడి తక్కెడెక్కాయి. నేను మిగిలానంటే క్రిస్మస్ పుణ్యమే.

మా ఇంటివాళ్ళు బాప్టిస్టులు. 1866లో ఒంగోలుకు వచ్చిన అమెరికా మిషనరీ జాన్ క్లౌ దొర, ధాతు కరువు తర్వాత, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించాడు. ఆ ఏరు పుట్టింది మా నల్లమలలోనే. కంభం చెరువు నింపాకే కిందికి పోతుంది. అవ్వ తాతకు తండ్రి ఆ రోజు నీళ్ళలో నిలబడ్డవాళ్ళలో ఒకడని ఇంట్లో చెప్పుకుంటారు.

డిసెంబరు 24 రాత్రి కర్రకు స్టార్ కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడేవాళ్ళు చివరికి మా వాకిట్లో ఆగుతారు. వాళ్ళకోసం నాలో సొంటి కాఫీ కాగుతుంది. చలి చంపేస్తోందంటారు గానీ మాది తువ్వాలు చలి. దుప్పటి చలి కావాలంటే గిద్దలూరు దాటి దిగువమెట్ట అడవి అంచుకు పోవాలి.

పోయిన డిసెంబరులో మిషిగన్ నుంచి మనవరాలు దిగింది. అక్కడ పల్లెపల్లెకీ యాపిల్ తోటలేనట, చలికాలం వేడివేడి సైడర్ తాగుతారట.

"అవ్వా, ఈసారి కాఫీ వద్దు. యాపిల్ రసంలో దాల్చినచెక్క, లవంగాలు వేసి కాద్దాం. గుండిగ ఉంది కదా."

నా గుండె జారింది. యాపిల్ తియ్యగా ఉంటుందనుకుంటారు. దాని పులుపు నాకు తెలుసు, మాలిక్ ఆమ్లం. నా కడుపులో పడి గంటసేపు కాగితే కథ వేరు.

అవ్వ నన్ను దింపించి లోపల వేలుపెట్టి రుద్దింది. అడుగున అరచెయ్యంత మేర పూత అరిగి పసుపు ఎరుపు కలిసిన రంగు బయటపడింది. "కళాయి లేకుండా పులుపు పోస్తే ఊరంతా ఆసుపత్రిలో పండగ చేసుకోవాల" అంది. ఒకప్పుడు తిత్తి భుజానేసుకుని వీధివీధీ కేకేసుకుంటూ తిరిగేవాళ్ళు కళాయోళ్ళు. ఇప్పుడు కంభం నుంచి ఒకాయన్ని ఫోన్ చేసి పిలిపించాల్సి వచ్చింది.

ఆయన పని చూడాలి. ముందు చింతపండు, ఇసుక వేసి చేత్తో కాదు, కాళ్ళతో తోమాడు. నాలో నిలబడి గోడ పట్టుకుని నడుమును ఇటూ అటూ తిప్పుతుంటే పిల్లలు డాన్స్ అనుకుని చప్పట్లు కొట్టారు. తర్వాత నేలలో గుంట తీసి, బొగ్గులు రాజేసి, నన్ను బోర్లా కాచాడు. ఒళ్ళు కాలాక మళ్ళీ తిప్పి నవాసాగరం పొడి చల్లాడు. తెల్లటి పొగ గుప్పుమంది, అందరూ దగ్గుతూ పారిపోయారు. తగరం కడ్డీని అడుగున ఆనించగానే అది వెన్నలా జారింది. 232 డిగ్రీలకే తగరం నీరవుతుంది, నేను కరగాలంటే 900 దాటాలి. ఆ తేడా మీదే ఆయన బతుకు నడుస్తోంది. దూది పట్టుకుని ఒకే ఊపులో అడుగు నుంచి అంచుదాకా తుడిచాడు. క్షణం ఆలస్యమైతే పూత గడ్డ కడుతుంది. నీళ్ళలో ముంచేసరికి నా లోపల ముఖం చూసుకోవచ్చు. అవ్వ చూసుకుంది కూడా.

యాపిల్స్ మార్కాపురం బండి మీద కొన్నవే. హిమాచల్, కాశ్మీరు కాయలు. వాటి కథా మా కథా ఒకే కొమ్మకు కాసినట్టుంటాయి. ఫిలడెల్ఫియా కుర్రాడు శామ్యూల్ స్టోక్స్ 1904లో కుష్ఠురోగుల సేవకని ఇండియా వచ్చి, సిమ్లా కొండల్లో కోట్‌గఢ్‌లో స్థిరపడి, 1916లో అమెరికా రెడ్ డెలిషస్ మొక్కలు నాటాడు. 1932లో హిందువై సత్యానంద అని పేరు మార్చుకున్నాడు. ఆయన చెట్లు మాత్రం మతంతో పనిలేకుండా కాస్తూనే ఉన్నాయి.

ఇక పొయ్యి. మూడు రాళ్ళు కావాలంటే మనవరాలి బాబాయి ప్రహరీ రాయి పీకబోయాడు. అవ్వ తిట్టింది. పలకరాయి వేడికి పొరలుపొరలుగా లేస్తుంది. మామూలు నల్లరాళ్ళే పెట్టారు. నీళ్ళకు బోరు పనికిరాదు. మా వైపు ఫ్లోరైడ్ మరిగిస్తే పోదు సరికదా, నీళ్ళు ఇంకేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. క్యాన్లు తెప్పించారు.

ఎనిమిది కిలోల కాయలు నాలుగు ముక్కలుగా కోసి, గింజ తీసి, తొక్కతోనే వేశారు. పైన నాలుగు వేళ్ళు నిలిచేదాకా నీళ్ళు. ముక్క మెత్తబడ్డాక పప్పుగుత్తితో మెదిపి, పలచటి పంచెలో వడగట్టారు. గోధుమరంగు మబ్బులాంటి రసం తిరిగి నాలోకి వచ్చింది. మనవరాలు దాల్చినచెక్క, లవంగాలు, యాలకులు, బత్తాయి తొక్క గుడ్డలో మూటకట్టి వదిలింది. దాల్చినచెక్క పొడి వేస్తే రసం జిగురెక్కుతుందని చెక్కనే వేసింది. అది చూడకుండా అవ్వ సొంటి, మిరియాలు కచ్చాపచ్చాగా దంచి ఓ చారెడు జల్లేసింది.

"అవ్వా!"

"ఊరుకోవే. సొంటి లేకుండా చలికి ఏం తాగుతారు?"

నన్నడిగితే అవ్వదే సరి. ఇందులో కొత్త ఏముంది? దాల్చినచెక్క కేరళ, సింహళాల నుంచి, లవంగం మొలుకస్ దీవుల నుంచి ఓడలెక్కి ఇంగ్లండు చేరితేనే వాళ్ళ చలికాలానికి వాసన వచ్చింది. కొత్తది ఒక్కటే, మంట. సొంటి కాఫీని కుతకుతలాడించొచ్చు. ఇది అలా కాదు. అంచున చిన్న బుడగ లేచి ఆగాలి, అంతే. గట్టిగా మరిగితే పండు వాసన ఆవిరైపోయి లవంగం ఘాటు మిగులుతుంది. సర్కారు తుమ్మ మొద్దులు వెనక్కి లాగమని నేను చెప్పలేను. మనవరాలు చెప్పింది, ఎవరూ వినలేదు. చివరికి తనే కూర్చుంది, పొగకు కళ్ళు తుడుచుకుంటూ.

ఇంగ్లండు సోమర్సెట్‌లో కొన్ని ఊళ్ళలో జనవరి 17న, అంటే మన సంక్రాంతి వెళ్ళీ వెళ్ళగానే, యాపిల్ చెట్ల వేళ్ళకు సైడర్ పోసి, పాటలు పాడి, దుష్టశక్తులు పోవాలని తుపాకులు పేలుస్తారని ఆ పొగలోనే పిల్లలకు చెప్పింది. మన కనుమకు పశువులకు పెట్టినట్టన్నమాట.

పాటల గుంపుతో పాస్టరు అయ్యగారు వచ్చారు. "వందనాలయ్యగారూ" అని గ్లాసు అందిస్తే వాసన చూసి ఆగారు.

"అమ్మా, ఇందులో మత్తేమీ..."

అది ఇంగ్లండు వాళ్ళ అలవాటనీ, అక్కడ పులియబెడతారనీ, అమెరికాలో సైడరంటే వడకట్టని పచ్చి రసమేననీ మనవరాలు వివరించింది. అయ్యగారు ఒక గుక్క తాగారు. "మిరియాల కషాయంలో పండు పడ్డట్టుంది" అని రెండో గ్లాసు తీసుకున్నారు. పిల్లలు తీపి సరిపోలేదన్నారు. ముసలాయన ఒకాయన కాఫీ ఏదని అడిగితే ఎవరూ బదులివ్వలేదు. పిప్పి గేదెకు పోయింది.

అందరికంటే ఎక్కువ ఆలోచనలో పడింది బాబాయి. ఆయనకు బత్తాయి తోట ఉంది, ధర దొరకని కాయ ఎప్పుడూ ఉంటుంది. వచ్చే ఏడు యాపిల్ ఎందుకు, మన బత్తాయే కాద్దాం అన్నాడు.

"కాగితే చేదెక్కుద్ది రా" అంది అవ్వ. అది నిజం. బత్తాయి రసం వేడి తగిలితే చేదు తిరుగుతుంది.

"ఎక్కదు. సన్న మంట మీద పెడదాం."

ఈసారి కోతకు ఒక చెంబెడు రసం నాలో కాచి తేల్చుకుంటారట. చెంబెడుకు ఇంత గుండిగ ఎందుకని మనవరాలు అడిగింది. కళాయికి డబ్బులిచ్చాం కదా అన్నాడు బాబాయి.