చెప్పులు విప్పించి చూసేవాళ్లేరీ?

మా రోజుల్లో చర్మం డాక్టరు దగ్గరికి మెడ మీద దురదని వెళ్లినా సరే, ముందు చెప్పులు విప్పించేవారు. కిటికీ పక్కన కూర్చోబెట్టి, అరికాలు పైకి తిప్పి, వేళ్ల సందులు విడదీసి, గోళ్ల మీద భూతద్దం పెట్టి చూసేవారు. మెలనోమా అనే చర్మ క్యాన్సరు మనవాళ్లకి ఎక్కువగా వచ్చేది అక్కడే. అనుమానం ఉంటే ముక్క కోసి ఫార్మలిన్ సీసాలో మా ల్యాబుకి పంపేవారు. మేం మైనం దిమ్మలో పొదిగి, పల్చటి పొరలు తీసి, రంగు వేసిచ్చేవాళ్లం. ఎన్ని మిల్లీమీటర్ల లోతుకి దిగిందో పెథాలజిస్టు కొలిచేవారు. 1970లో బ్రెస్లో అనే పెథాలజిస్టు చూపించిన కొలత అది. ఇప్పటికీ దానికి తిరుగులేదు. రక్తంలో చూద్దామంటే మా ల్యాబులో ఉన్నది ఎల్‌డీహెచ్ అనే ఎంజైము పరీక్ష ఒక్కటే. అది పెరిగిందంటే మెలనోమా వల్లో, లివర్ వల్లో చెప్పలేకపోయేవాళ్లం.

ఇప్పుడు కణితి నుంచి రక్తంలోకి రాలిన డీఎన్‌ఏ తునకల్నే పట్టేస్తున్నారు. నమూనాని సుమారు 20,000 సూక్ష్మ బిందువులుగా విడగొట్టి, బీఆర్‌ఏఎఫ్ జన్యువులో మార్పు కోసం వెతుకుతారు. ఆపరేషన్ అయినవాళ్లలో కొందరికి జబ్బు తిరగబెడుతోందని స్కానింగు కంటే ముందే తెలుస్తోంది. చాలా గొప్ప సంగతి. ఆ రోజుల్లో ఇదుంటే ఎంతమంది మీద ముందే కన్నేసి ఉంచేవాళ్లమో!

నా బాధల్లా రక్తం తీశాక ఇక ఒళ్లు చూడక్కర్లేదనుకోవడం. మొన్న సంక్రాంతికి వెళితే మా వదిన మడమ మీద ప్లాస్టరు. "ఆనెకాయలేవయ్యా, ఏడాదిగా ఉంది" అంది. ఊడదీశాను. మినపగింజంత నల్లమచ్చ, ఒక పక్క సిరా పాకినట్టు అంచు చెదిరింది.

"ఎనభై పరీక్షలు చేయించాం బాబాయ్, అన్నీ నార్మలే" అని కొడుకు ఫోన్ చూపించాడు. ఒళ్లు మండింది. ఆ ఎనభైలో మెలనోమాని పట్టేది ఒక్కటీ లేదు. పోనీ ఆ డీఎన్‌ఏ పరీక్షే చేయించినా, ఇంత చిన్న మచ్చ రక్తంలోకి రాల్చేది ఎంతని? పైగా తెల్లవాళ్ల మెలనోమాల్లో దాదాపు సగంలో ఉండే ఆ బీఆర్‌ఏఎఫ్ మార్పు అరికాలి వాటిలో చాలా తక్కువ. మామూలు ట్యూబులో తీసిన రక్తాన్ని కొన్ని గంటల్లో సెంట్రిఫ్యూజ్‌లో తిప్పకపోతే తెల్లకణాలు పగిలి, వాటి డీఎన్‌ఏలో కణితిది కలిసిపోతుంది. స్కూటర్ సంచిలో ఎండన పడి తిరిగే ట్యూబుల్ని ఏం నమ్మను?

మర్నాడే తీసుకెళ్లి ముక్క తీయించాను. 0.8 మిల్లీమీటర్లు. చుట్టూ మంచి చర్మంతో సహా కోసి తీసేశారు. ఇప్పుడు కట్టు మార్చినప్పుడల్లా రెండో కాలు కూడా తిప్పి చూస్తున్నాను.