సుప్రీంకోర్టు వారికి ఒక పేకాట విన్నపం

మహారాజశ్రీ సుప్రీంకోర్టు న్యాయమూర్తుల వారి దివ్యసముఖానికి,

పెళ్ళి విడిదుల్లో, శివరాత్రి జాగారాల్లో, కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో చాపేసుకుని రమ్మీ, అంటే పదమూడు ముక్కలాట, ఆడే కాలక్షేపపు ఆటగాళ్ళందరి తరఫునా రాసుకుంటున్న విన్నపం ఇది.

సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పోలీసులు పెట్టిన కేసు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అప్పీలు చేయగా మీ దాకా వచ్చింది. 1967లో తీర్పు రాస్తూ జస్టిస్ హిదాయతుల్లా గారు మమ్మల్ని చాలా పెద్దమనసుతో చూశారు. రమ్మీ కేవలం అదృష్టం మీద నడిచేది కాదన్నారు. పడే ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలనీ, ఏది ఉంచుకోవాలో ఏది వదులుకోవాలో తెలియాలనీ, అందుకు బాగా నేర్పు కావాలనీ అన్నారు. బ్రిడ్జి ఆట సరసన మమ్మల్ని కూర్చోబెట్టారు. పేకాడేవాళ్ళ గురించి అంత మర్యాదగా అంతకుముందు ఎవరూ మాట్లాడి ఉండరు. మా ఇళ్ళల్లో ఇప్పటికీ మాట్లాడరు.

చిక్కల్లా ఏమిటంటే, తమరు చెప్పిన ఆ నేర్పు మా దగ్గర లేదు. యాభై ఏళ్ళు దాటినా రాలేదు. కాబట్టి తీర్పునైనా సవరించండి, మాకైనా పాఠాలు చెప్పించండి. రుజువులు ఇదిగో.

ముందుగా గుర్తుపెట్టుకోవడం సంగతి. మా చాప మీద ఒకాయన ఇస్పేటు ఏడు, తొమ్మిది పట్టుకుని ఎనిమిది కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తుంటాడు. రెండు పేకల్లో ఇస్పేటు ఎనిమిదులు ఉండేవే రెండు. అందులో ఒకటి ఆయన కళ్ళెదుటే, ఆయన అల్లం టీ ఊదుకుంటుండగా పడిపోయింది. రెండోది ఎదుటివాడు రెండు వంతుల కిందటే చేత్తో ఎత్తుకుపోయాడు. అదే ఏడు, ఎనిమిది పక్కపక్కన ఉంటే ఆరుకీ తొమ్మిదికీ కలిపి నాలుగు ముక్కలు దారిలో ఉండేవి. మధ్యలో ఖాళీ ఉన్న జంటకీ, పక్కపక్కనున్న జంటకీ సగానికి సగం తేడా. ఈ లెక్క కట్టడానికి వేళ్ళు చాలు. కట్టేవాడు లేడు.

ఇక వదులుకోవడం. బొమ్మలంటే మాకు వల్లమాలిన అభిమానం. రాజునీ రాణినీ పారేయడానికి చేతులు రావు. ఏడు ముక్క ఐదు-ఆరు-ఏడులో ఇముడుతుంది, ఆరు-ఏడు-ఎనిమిదిలో ఇముడుతుంది, ఏడు-ఎనిమిది-తొమ్మిదిలోనూ ఇముడుతుంది. రాజు జాకీ-రాణి పక్కనో, రాణి-ఆసు మధ్యనో తప్ప మరో వరసలో కూర్చోడు. పైగా ఓడితే నెత్తిన పది పాయింట్లు. అయినా ఏడు కొట్టేసి రాజుని దాచుకుంటాం. రాచరికం పోయిందన్న కబురు మా పేకలకింకా చేరలేదు.

ఎదుటివాడు పడేసిన ముక్కని ఆబగా ఎత్తుకోవడం ఇంకో జబ్బు. పైన కనిపించే ముక్కని ఎత్తామంటే మన చేతిలో ఏముందో చాప మొత్తానికీ టముకు వేసినట్టే. జోకరు లేని అసలు వరస దానితో పూర్తవుతుందంటే ఎత్తాలి. లేకపోతే మూసిన కట్టలోంచి తీసుకోవడమే మేలు. ఆ అసలు వరస కూడా ముందు చూసుకోం. మొదటి ముక్కకే జోకరు దొరికిందన్న సంబరంలో జోకర్లతోనే అన్నీ పేర్చుకుంటాం. ఇంతలో పక్కవాడు ఆట ముగించి షో అంటాడు. అసలు వరస లేదు గనక పేర్చినవన్నీ కౌంటే.

అయితే యువరానర్, ఇవన్నీ చిల్లర నేరాలు. పెద్ద నేరం డ్రాప్ కాకపోవడం.

పదమూడు ముక్కలు విప్పి చూసుకున్నాక, ఒక్క ముక్కా ఎత్తకుండా తప్పుకుంటే, అంటే డ్రాపయితే, 20 పాయింట్లు. కొన్ని చేతులు తిరిగాక మధ్యలో తప్పుకుంటే 40. కడదాకా కూర్చుని మునిగితే ఫుల్ కౌంటు, 80. అంటే నాలుగుసార్లు మొదట్లోనే లేచిపోవడం, ఒక్కసారి పూర్తిగా మునగడం సమానం. జోకరు లేదు, అసలు వరసకి రెండు ముక్కలైనా పక్కపక్కన లేవు, ఆపైన నాలుగు బొమ్మలు. ఇలాంటి చేయి పడితే 20 ఇచ్చుకుని వక్కపొడి నోట్లో వేసుకోవాలి. కొత్తగా ఆడేవాళ్ళు నేర్చుకోవలసిన మొదటి విద్య ఇదే. మిగిలిన కిటుకులన్నీ దీని తర్వాతే.

కానీ మా తోడల్లుడున్నాడు. చేతిలో చెత్త పెట్టుకుని కూడా, “పెళ్ళికొచ్చి డ్రాపేంటన్నయ్యా, ఆడితే ఆడినట్టుండాలి” అంటాడు. చుట్టూ ఉన్నవాళ్ళు అవునంటారు. డ్రాపయినవాణ్ణి పిరికివాడిగా జమకట్టే సంప్రదాయం మాది. తప్పుకోవడమే నేర్పయిన ఆటలో, తప్పుకోవడాన్నే నామోషీ చేసి పెట్టుకున్నాం. పోనీ మధ్యలోనైనా లేస్తాడా అంటే, ఇంతదాకా వచ్చాక ఇంకేం లేస్తామంటాడు. పోయిన ముక్కల మీద మమకారంతో రాబోయే 80కి ఎదురెళతాడు.

దీనికి కారణం కూడా మనవి చేసుకుంటాను. మేం ఆడేది చింతపిక్కలతో. పోయేదేమీ లేకపోతే వదులుకోవలసిన అవసరం ఎవరికి? పోకర్‌లోనూ అంతే. ఉత్తుత్తి చిప్స్‌తో ఆడే బల్ల దగ్గర అందరూ చివరి ముక్క తిరిగేదాకా కూర్చుంటారు, ఫోల్డ్ అన్న మాట వినిపించదు. అలాగని డబ్బులు పెట్టించమని నేను అడగడం లేదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో పందెం కట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు నేర్పా, అదృష్టమా అన్న తేడా చూడకుండా ఆన్‌లైన్ డబ్బాటలన్నిటినీ కట్టడి చేస్తూ చట్టం చేసింది. ఫోన్లో రమ్మీ ఆడి పొలాలు తాకట్టు పెట్టినవాళ్ళ కథలు విన్నవాడిగా నాకు దానిమీద పేచీ లేదు. ఎదుటివాడి మొహం చూడకుండా ఆడేది పేకాటే కాదని నా పాతకాలపు అభిప్రాయం.

కనుక ప్రార్థించేదేమనగా, ఫుల్ కౌంటు ఇచ్చినవాడు ఆ పూట టీ గ్లాసులన్నీ కడగాలని ఉత్తర్వు ఇప్పించండి. డబ్బు చేతులు మారదు, చట్టానికి అడ్డురాదు. గ్లాసులు లెక్కపెట్టుకుని డ్రాపయ్యేవాళ్ళు వారంలో తయారవుతారు. రెండోది, డ్రాపయినవాణ్ణి వెక్కిరిస్తే కోర్టు ధిక్కారంగా పరిగణించండి. మూడోది, “ఇదే ఆఖరాట” అని ప్రకటించాక మళ్ళీ ముక్కలు పంచడంపై శాశ్వత స్టే కావాలి. ముహూర్తం తెల్లవారుజామున ఉన్న పెళ్ళిళ్ళలో దీని అవసరం ఆడపెళ్ళివారికే బాగా తెలుసు.

ఇట్లు,
తమరి తీర్పుకి తగనివాళ్ళ తరఫున,
చేతిలో మూడు రాజులతో ఒక విధేయుడు.

తా.క.: అదే తీర్పులో మూడు ముక్కలాటని వట్టి అదృష్టమని కొట్టేశారు. మా మేనమామ గారు ఇది ఒప్పుకోవడం లేదు. ముక్కలు చూడకుండా బ్లైండ్ ఆడుతూ, ఎదుటివాడు మీసం దువ్వుతున్నాడా, గోళ్ళు కొరుకుతున్నాడా అని కనిపెట్టడంలోనే అసలు నేర్పంతా ఉందని ఆయన వాదన. సొంతంగా వాదించుకుంటారట, వకీలు అక్కర్లేదట. వాయిదా మాత్రం సంక్రాంతికి కాకుండా చూడమన్నారు.